విండోస్ 10 పోయింది, మనోళ్ల కంప్యూటర్ల సంగతేంది? ఒక ప్రాజెక్టు డైరీ

అక్టోబరు, దసరా దాటాక

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆగిపోయింది. సరిగ్గా దసరాకూ దీపావళికీ నడుమ. పండుగ హడావుడిలో మొదట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత మొదలయ్యాయి ఫోన్లు. అందరిదీ ఒకటే మాట: "తమ్మీ, స్క్రీన్ మీద ఏదో బోర్డు వస్తున్నది, కొత్త కంప్యూటర్ కొనుక్కోమంటున్నది, నిజమేనా?"

కొంత నిజమే. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైది కావాలి. మా హనుమకొండ ఇళ్లల్లో, చిన్న దుకాణాల్లో నేను చూసేవి ఎక్కువగా మూడో తరం, నాలుగో తరం ఐ3లు. 4 జీబీ ర్యామ్, మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయని కీబోర్డు. వాటికి జబ్బేమీ లేదు, నడుస్తూనే ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో సైన్-ఇన్ అయి నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకా వస్తాయి. ఆ సంగతి అడిగినవాళ్లందరికీ ముందే చెప్పాను. దాచిపెట్టి, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ అనే సిస్టమ్‌ను అంటగట్టడం నాకు ఇష్టం లేదు.

అది తెలిశాక కూడా "సరే, నువ్వు చెప్పేదేందో పెట్టు" అన్నవాళ్ల కంప్యూటర్లు మార్చడమే ఈ ప్రాజెక్టు. ఎంచుకున్నది లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ 22.2. కింద ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, నడుమ తెరిచిన విండోలు. అలవాటైన చెయ్యి అలవాటైన చోటికే పోతుంది. ఉబుంటు 24.04 అనే ఇంకో లినక్స్ మీద కట్టింది కాబట్టి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. 4 జీబీ ఉన్నవాటికి తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్, 8 జీబీ ఉంటే కాస్త బరువైన సినమన్ ఎడిషన్. ఏ డిస్ట్రో, అంటే ఏ రకం లినక్స్, గొప్పదన్న పంచాయితీకి నాకు ఓపిక లేదు. ఇంకోటి పెట్టినా నడుస్తుంది.

ఒక నియమం మాత్రం గట్టిగా పెట్టుకున్నాను. పెన్‌డ్రైవ్ జేబులోంచి తీయకముందు ఆ మనిషి పక్కన కూర్చుని, రోజూ చేసే పని నా ముందర చేయించి చూడాలి. "మీరు కంప్యూటర్‌లో ఏం చేస్తారు" అని అడిగితే అందరూ "ఏముంది, ఊరికే చూస్త" అంటారు. పక్కన కూర్చుంటే తెలుస్తుంది ఆ "ఊరికే"లో ఎంత ఉందో. బ్యాంకు స్టేట్‌మెంట్ పాస్‌వర్డ్ పెట్టి తెరవడం, ఆధార్ పీడీఎఫ్ ప్రింట్ తీయడం, ఫోన్‌లోంచి ఫొటోలు దింపడం. చూసినంతలో నాకు అర్థమైంది ఇది: మామూలు మనిషికి కంప్యూటర్ అంటే ప్రింటర్‌లోంచి కాగితం రావడం, తెలుగు పడటం, వాట్సాప్ తెరుచుకోవడం. ఈ మూడూ కుదిరితే కింద ఏ సిస్టమ్ ఉందని ఎవరూ అడగరు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి నేను నాలుగు మాటలు చెప్పబోతే మా చిన్నమ్మ టీ పెట్టడానికి లేచింది.

కాజీపేట, చిన్నమ్మ ల్యాప్‌టాప్

చిన్నమ్మ మగ్గం వర్క్ చేస్తుంది. ల్యాప్‌టాప్‌లో యూట్యూబ్ డిజైన్లు, వాట్సాప్‌లో కస్టమర్లు పంపే బ్లౌజు ఫొటోలు, అంతే. అన్నింటికన్నా సులువైన కేసు అనుకుని దీనితో మొదలుపెట్టాను.

ఒకే పెన్‌డ్రైవ్‌లో చాలా సిస్టమ్‌లు పెట్టుకోనిచ్చే వెంటాయ్ అనే టూల్ వేసుకుని, అందులో మింట్ రెండు ఎడిషన్లూ పడేసుకున్నాను. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా నడిపించి చూపించొచ్చు. సౌండ్ వస్తోందా, వెలుతురు తగ్గుతోందా, మూత మూస్తే నిద్రపోయి మళ్లీ లేస్తోందా, అన్నీ అక్కడే తేలిపోతాయి. ఇక్కడ తేలింది వైఫై రావడం లేదని. డ్రైవర్ (ఆ వైఫై చిప్పును నడిపించే చిన్న ప్రోగ్రాం) కావాలంటే ఇంటర్నెట్ ఉండాలి, ఇంటర్నెట్ కావాలంటే డ్రైవర్ ఉండాలి. ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే మింట్ దాన్ని నెట్‌వర్క్ కేబుల్ లెక్కనే తీసుకుంటుంది, ఏ సెట్టింగూ అక్కర్లేదు. ఇన్‌స్టాల్ అయ్యాక డ్రైవర్ మేనేజర్ తెరిస్తే వైఫై చిప్పుకు కావలసింది అదే చూపించింది. టిక్కు పెట్టి, రీస్టార్ట్ చేస్తే సరిపోయింది.

ఫొటోలు డౌన్‌లోడ్స్‌లో కొన్ని, డెస్క్‌టాప్ మీద కొన్ని, "న్యూ ఫోల్డర్" లోపల "న్యూ ఫోల్డర్"లో కొన్ని. ఇన్‌స్టాల్ కంటే వీటిని ఏరి బయటి డిస్కులోకి కాపీ చేయడానికే ఎక్కువసేపు పట్టింది. వాట్సాప్‌ను మింట్‌లోని వెబ్ యాప్స్‌తో విడి బటన్‌గా చేసి కింద పట్టీలో పెట్టాను.

అన్నీ చూసి చిన్నమ్మ అడిగింది: "మరి నా ఈ-బటన్ ఏది?"

ఆమెకు ఇంటర్నెట్ అంటే నీలం రంగు ఈ. ఫైర్‌ఫాక్స్ నక్క బొమ్మ చూపించి ఇదీ అదే పని చేస్తుందంటే నమ్మలేదు. డెస్క్‌టాప్ మీద ఆ బటన్ పేరు మార్చి "ఇంటర్నెట్" అని తెలుగులో రాశాను. ఆ పూట నుంచి ఆ గొడవ లేదు.

సుబేదారి, సార్ గారి డెస్క్‌టాప్

సార్ రిటైర్డ్ తెలుగు లెక్చరర్. వ్యాసాలు రాసి పత్రికలకు పంపుతారు. ఏళ్ల తరబడి డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చు పేజీలు కూర్చే పని) వాళ్లు వాడే అను ఫాంట్లలో, యాపిల్ కీబోర్డు లేఅవుట్‌లో టైపు చేసి చెయ్యి తిరిగినవారు. యాపిల్ లేఅవుట్ అంటే ఆ కంపెనీ కంప్యూటర్ ఉండాలని కాదు. తెలుగు డీటీపీలో, పత్రికాఫీసుల్లో పాతుకుపోయిన కీల వరస పేరది.

సార్ మొదటి మాటే "కొత్త లేఅవుట్ మాత్రం నేర్చుకోను బిడ్డా, ఈ వయసుల నాతోని గాదు" అని. న్యాయమే. లినక్స్‌లో తెలుగు అనగానే మొదట దొరికేది ఇన్‌స్క్రిప్ట్ అనే లేఅవుట్. కీబోర్డు సెట్టింగుల్లో ఇండియన్ కింద తెలుగు ఎంచుకుంటే చాలు, ఏదీ దింపుకోనక్కర్లేదు. నాకదే అలవాటు. ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి కొడితే "తెలుగు" పడుతుంది. సార్ చేతికి అది పనికిరాదు. ఐబస్ అనే టైపింగ్ టూల్, దానికి జతగా ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే తెలుగు కింద ఇంకా కొన్ని లేఅవుట్లు వస్తాయి: యాపిల్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, పోతన.

ఆ చివరి పేరు చూసి సార్ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "పోతన పేరు మీద కీబోర్డా? బమ్మెర మన పాలకుర్తి పక్కనే గదా!" అని మురిసిపోయి, అదే పెట్టమన్నారు. రెండు లైన్లు కొట్టారు. మూడో లైనుకు "పేరు మంచిగనే ఉన్నది, నా వేళ్లే వింటలేవు, యాపిలే పెట్టు" అన్నారు. పెట్టాను. విండోస్ బొమ్మ ఉన్న కీ పట్టుకుని స్పేస్ నొక్కితే ఇంగ్లీషు, మళ్లీ నొక్కితే తెలుగు. కొన్ని గుర్తులు ఆయనకు అలవాటైన చోట లేవు. వాటికి ఒక చీటీ రాసి మానిటర్ అంచుకు అతికించాను.

ఎంఎస్ ఆఫీస్‌కు బదులు వాడే లిబ్రెఆఫీస్‌లో ఒక చిక్కుంది. తెలుగులో రాసే ఎవరైనా ముందే తెలుసుకోవాలి. అది తెలుగును "కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్" అనే విడి గుంపులో పెడుతుంది. ఇంగ్లీషుకు ఒక ఫాంటు, ఒక సైజు, తెలుగుకు వేరే ఫాంటు, వేరే సైజు. డిఫాల్ట్ సైజు 14 చేశాననుకుంటారు, మారింది ఇంగ్లీషుకే. తెలుగు 12లోనే కూర్చుంటుంది. ఆప్షన్స్‌లో భాషల దగ్గరికి పోయి కాంప్లెక్స్ టెక్స్ట్‌కు టిక్కు పెట్టి, తెలుగు అని ఎంచుకుని, స్టైల్‌లోనే రెండు వైపులా ఫాంటు మార్చాలి. సార్ కోసం విడిగా ఒక టెంప్లేట్ చేశాను: వ్యాసానికి మండలి, శీర్షికకు రామభద్ర. ఇలాంటి తెలుగు ఫాంట్లన్నీ తెలుగువిజయం అనే ప్యాకేజీలో ఒకేసారి దొరుకుతాయి.

అసలు కష్టం పాత ఫైళ్లు. అను ఫైలు తెరిస్తే లిబ్రెఆఫీస్‌లో రోమన్ అక్షరాలు, తలమీద కొమ్ములున్న గుర్తులు వరసగా కనిపించాయి. సార్ ముఖం పాలిపోయింది, రాసిందంతా పోయిందనుకున్నారు. పోలేదు. ఆ ఫైల్లో మొదటి నుంచీ తెలుగు అక్షరాలు లేవు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు గీసిన ఫాంటు అది. ఫాంటు తీసేస్తే కింద ఉన్నది బయటపడుతుంది. యూనికోడ్‌లోకి, అంటే నిజమైన తెలుగు అక్షరాల్లోకి, మార్చే కన్వర్టర్లున్నాయి. వాటిలో వేస్తే చాలావరకు సరిగానే వస్తుంది, క్రారవడి ఉన్న మాటల దగ్గర, కొన్ని వత్తుల దగ్గర తప్పుతుంది. మనిషి కూర్చుని దిద్దాల్సిందే. సార్‌కు ఆ పని నచ్చింది. రోజూ పొద్దున ఒక పాత వ్యాసం మార్చి, చదివి, దిద్దుకుంటున్నారు. "ఇన్నేండ్ల కింద గిట్ల రాసిన్నా" అని నాకు ఫోన్ చేసి రెండు పేరాలు వినిపిస్తుంటారు కూడా. దీనికి టెక్ సపోర్ట్ అని పేరు పెట్టుకున్నాం.

కన్వర్షన్ పూర్తయ్యేదాకా పాత హార్డ్‌డిస్కును ముట్టుకోలేదు. కొత్తగా 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్కు కంటే వేగమైన డిస్కు) వేసి మింట్ దాని మీద పెట్టాను. నిజం చెప్పాలంటే సార్ "మెషీన్ కొత్తదైంది" అని మెచ్చుకున్నది మింట్‌ను కాదు, ఆ ఎస్‌ఎస్‌డీని. ఆ క్రెడిట్ మింట్ ఖాతాలో పడితే నాకేం అభ్యంతరం లేదు.

అక్టోబరు చివర, తుఫాను

మొంథా తుఫాను వానకు హనుమకొండ, వరంగల్‌లలో ఎన్నో కాలనీలు నీళ్లలో మునిగాయి. ప్రాజెక్టు ఆగింది. తర్వాత వచ్చిన పని వేరే: నేల మీద పెట్టిన సీపీయూలు. మా వీధి చివరి అక్క వాళ్ల మెషీన్‌లో బోర్డు పోయింది, డిస్కు పైన ఉండటంతో బతికింది. దాన్ని యూఎస్‌బీ డాక్‌లో పెట్టి నా మింట్ ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే చదవడానికి మాత్రమే తెరుచుకుంది, రాయనివ్వలేదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అన్నా అది సగం నిద్రలోనే ఉంటుంది, అందుకు. కాపీ చేసుకోవడానికి చదివితే చాలు గదా. పిల్లల ఫొటోలన్నీ దొరికాయి. అక్కకు సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ ఒకటి చూసి మింట్‌తోనే ఇచ్చాను. లినక్స్ అని పేరెత్తకుండా మారింది ఆమె ఒక్కతే. ఇప్పటిదాకా ఏమీ అడగలేదు.

సీపీయూలు స్టూలు మీదికెక్కించమని అందరికీ చెప్పాను. ఇది ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌కైనా వర్తిస్తుంది.

నవంబరు, డిసెంబరు: హసన్‌పర్తి జిరాక్స్ షాపు

అన్న షాపులో రెండు మెషీన్లు. లోపలి దానిలో పేజీలు కూర్చే పేజ్‌మేకర్, అను, పెళ్లికార్డులు, పాంప్లెట్లు. ముందరి దానిలో ప్రింట్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు, పాస్‌పోర్ట్ ఫొటోలు. ముందరిది మారుద్దాం, లోపలిది ముట్టుకోవద్దని మొదట్లోనే అనుకున్నాం. పేజ్‌మేకర్‌ను, దాని మీద అను కీబోర్డు పొరను లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాంలు నడిపించే వైన్ అనే టూల్‌తో లాక్కురావడం చేయి తిరిగినవాడికే తలనొప్పి. గంటకు పది మంది కస్టమర్లు నిలబడే చోట అది పెట్టడం పాపం.

ముందు డ్యుయల్ బూట్ చేశాం, అంటే ఒకే మెషీన్‌లో విండోస్, మింట్ రెండూ ఉంచాం, నచ్చకపోతే పాతదానికే పోవచ్చని. మర్నాడే ఫోన్. "తమ్మీ, పొద్దున పదింటికి షాపు తెరిస్తే విండోస్‌ల నాలుగున్నర అంటున్నది, సైట్లేవీ తెరుసుకుంటలేవు." గడియారం తప్పితే సైట్ల సెక్యూరిటీ సర్టిఫికెట్లు చెల్లవు, అందుకే తెరుచుకోవు. లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో గ్రీన్‌విచ్ లెక్క టైము రాస్తుంది, విండోస్ అదే మన టైము అనుకుని చదువుతుంది. మనకు తేడా అయిదున్నర గంటలు. టెర్మినల్‌లో ఒక్క లైనుతో లినక్స్‌ను కూడా లోకల్ టైముకు మార్చేశాను.

అంతలో పంచాయతీ ఎన్నికలు. డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలు. నామినేషన్ పత్రాలు, అఫిడవిట్లు, ఓటరు లిస్టులు, గుర్తులేసిన పాంప్లెట్లు. "ఎలక్షన్లయ్యేదాక నా షాపు దిక్కు రాకు" అన్నాడు అన్న. రాలేదు. షాపుల్లో పని చేసేవాళ్లెవరైనా ఇది రాసిపెట్టుకోవాలి: సీజన్‌లో మెషీన్ మీద చెయ్యి వేయొద్దు, ఎంత చిన్న మార్పైనా సరే.

ఎన్నికలయ్యాక అసలు పరీక్ష, ప్రింటర్లు. ఇంక్ ట్యాంక్ ప్రింటర్ తగిలించగానే పని చేసింది, స్కానర్‌తో సహా. పాత లేజర్ ప్రింటర్ దగ్గర ఇరుక్కున్నాం. అలాంటి చవక లేజర్లకు సొంత తెలివి తక్కువ. పేజీని బొమ్మగా మార్చే పనంతా కంప్యూటరే చేసి, ఆ కంపెనీ సొంత భాషలో పంపాలి. ఆ కంపెనీ లినక్స్ డ్రైవర్ సరిగా ఇవ్వకపోతే కథ ముగిసినట్టే. డ్రైవర్ కోసం తిరిగి టైము పోగొట్టుకోకుండా ఆ ప్రింటర్‌ను లోపలి విండోస్ మెషీన్‌కు తగిలించేశాం. కొత్తది కొనాలనుకున్నప్పుడు పెట్టె మీద ఎయిర్‌ప్రింట్ అని ఉందో లేదో చూడమన్నాను. అది ఐఫోన్లకు సంబంధించిన మాట, కానీ ఆ పద్ధతి ఉన్న ప్రింటర్లు లినక్స్‌లో డ్రైవర్ లేకుండానే నడుస్తాయి.

పాస్‌పోర్ట్ ఫొటోలకు ఇదివరకు ఫొటోషాప్‌లో ఒక బటన్ నొక్కేవాళ్లు. అదే సులువు ఇక్కడా ఉండాలి, లేకపోతే షాపులో పనిచేసే అమ్మాయి మొదటి రోజే మొహం తిప్పుకుంటుంది. లిబ్రెఆఫీస్ డ్రాలో 4×6 అంగుళాల పేజీ అడ్డంగా పెట్టి, 3.5×4.5 సెంటీమీటర్ల గడులు గీశాను. వరసకు నాలుగు, రెండు వరసలు, మొత్తం ఎనిమిది ఫొటోలు. చుట్టూ కత్తెర ఆడటానికి అర సెంటీమీటర్‌కు పైగా మిగులుతుంది. ఫొటో కత్తిరించి మొదటి గడిలో పెట్టి, మిగతా ఏడింటికి కాపీ చేయడమే. ఆ అమ్మాయి సాయంత్రానికే నాకంటే వేగంగా చేస్తోంది. గడుల మధ్య సన్నటి బూడిదరంగు గీత పెడితే కత్తిరించడం సులువని ఆమే చెప్పింది, పెట్టాం.

డిజిటల్ సంతకం ఉన్న సర్టిఫికెట్లకు మొదట తెరిచిన పీడీఎఫ్ వ్యూయర్‌లో పచ్చ టిక్కు కనపడలేదని ఒక కస్టమర్ గొడవ పెట్టుకున్నాడట. ఓకులర్ అనే ఇంకో వ్యూయర్ వేశాను, అందులో సంతకం వివరాలు కనిపిస్తాయి.

ఏనుమాముల రోడ్డు, మామ ఎరువుల దుకాణం

ఇక్కడ మార్చలేదు. లెక్కలన్నీ ట్యాలీలో, రిటర్నులు వేయడానికి ఆడిటర్ ఇచ్చిన డిజిటల్ సంతకం టోకెన్. ట్యాలీ విండోస్ కోసం చేసిందే. వైన్ మీద ఎట్లనో ఒకట్ల నడిపించొచ్చనేవాళ్లున్నారు. జీఎస్టీ లెక్కలున్న చోట "ఎట్లనో ఒకట్ల" అనే మాట నేను వినదలచుకోలేదు. ఏడాదిపాటు అదనపు అప్‌డేట్లకు నమోదు చేసి, వానాకాలం సీజన్ అయ్యాక కొత్త మెషీన్‌కు డబ్బులు పక్కన పెట్టుకోమన్నాను. "అందరికీ ఫ్రీగ పెట్టి నాకే ఖర్సు జెప్తున్నవా అల్లుడూ" అన్నాడు మామ. చెప్పాల్సిందే మరి.

జనవరి

ఇప్పుడు వచ్చే ఫోన్లు రెండు రకాలు. ఒకటి, క్రోమ్ తెరవగానే "కీరింగ్ అన్‌లాక్ చేయండి" అని పాస్‌వర్డ్ అడుగుతోందని. కీరింగ్ అంటే పాస్‌వర్డ్‌లు దాచే పెట్టె. పాస్‌వర్డ్ లేకుండా ఆటోమేటిక్‌గా లాగిన్ అయ్యేలా పెట్టిన మెషీన్లలో వచ్చేది ఇది. ఆటో లాగిన్ తీసేసి చిన్న పాస్‌వర్డ్ పెడితే లాగిన్‌తోనే తాళం తెరుచుకుంటుంది. రెండోది, అప్‌డేట్ బొమ్మ మీద చుక్క కనిపిస్తే భయం. పాత అనుభవం అలాంటిది: అప్‌డేట్ అంటే పని మధ్యలో మెషీన్ ఆగిపోయి కూర్చోవడం. ఇక్కడ అలా రీస్టార్ట్ కాదని ఎంత చెప్పినా నమ్మకం కుదరలేదు. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆన్ చేసి, దానికి ముందు టైమ్‌షిఫ్ట్ స్నాప్‌షాట్లు పెట్టాను. ఏదైనా తేడా వస్తే ముందు రోజుకు వెనక్కి తీసుకుపోవచ్చు. దూరం నుంచి చూడటానికి రస్ట్‌డెస్క్ ఉంది. చిన్నమ్మ మాత్రం దాన్ని వాడనివ్వదు, "నా కంప్యూటర్ల బాణం దానంతటదే తిరుగుతుంటే నాకు టెన్షన్" అంటుంది. కాబట్టి కాజీపేట పోవాల్సిందే, అన్నం తినే రావాల్సిందే.

హసన్‌పర్తి అన్న ముందరి మెషీన్‌లో విండోస్ పార్టిషన్ తీసేయమన్నాడు, స్థలం కోసం. తీసేశాను. ఇప్పుడు లోపలిదీ మార్చమంటున్నాడు. ఒప్పుకోనిది డీటీపీ చేసే తమ్ముడు. "అను పోతే నేనూ పోత అన్నా" అని సగం నవ్వుతూ, సగం నిజంగా. వాడిని బలవంతపెట్టను. పేజ్‌మేకర్ లాంటి ఉచిత ప్రోగ్రాం స్క్రైబస్ కొత్త వెర్షన్లలో తెలుగు వత్తులు సరిగా కూర్చుంటున్నాయని ఒక పేజీ చేసి చూపించాను. యూనికోడ్ ఫాంట్లలో పెళ్లికార్డుకు పనికొచ్చే వంపులున్నవి తక్కువని వాడన్నాడు, అది నిజమే. చివరికి ఒక కార్డు చేసి చూస్తానన్నాడు, వాళ్ల అక్క పెళ్లిదే. కస్టమర్ కార్డు మీద ప్రయోగాలు చేయడట.